లెక్కల తరగతిలో మన పిల్లల మౌనం

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు హాజరు పట్టీ అంటే ఏమిటో బాగా తెలుసు. మనిషి వచ్చాడా, రాలేదా అన్నది మాత్రమే అది చెబుతుంది. వచ్చిన మనిషి ఆ పూట ఏం చేశాడో దానికి తెలియదు. పదవీ విరమణ తర్వాత మా ఇబ్రహీంపట్నంలో పిల్లల చదువుల విషయమై నాకు చేతనైన సేవ చేస్తున్నాను. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపిపెట్టడం, ఆదాయ ధ్రువపత్రం కోసమో బీసీ-ఈ ధ్రువపత్రం కోసమో మీసేవ కేంద్రానికి తోడు వెళ్ళడం, ఫీజు విషయంలో కళాశాల కార్యాలయంతో మాట్లాడడం వంటి పనులు. ఈ పనుల్లో నా చేతికి వచ్చే మార్కుల మెమోలు చూస్తూ చూస్తూ ఒక విషయం గమనించాను. హాజరు నిండుగా ఉన్న పిల్లలు కూడా లెక్కల్లో తప్పుతున్నారు.

కిందటి ఏడాది వేసవిలో మా మొహల్లాకు చెందిన ఒక దర్జీ తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ మంచి మార్కులు. గణితం 1-బిలో మాత్రం 75కు 17. చదువు మాన్పించి సంబంధాలు చూద్దామని ఇంట్లో పెద్దలు అంటున్నారనీ, తనకు మనసొప్పడం లేదనీ తండ్రి చెప్పాడు. నేను అమ్మాయిని అడిగాను.

“బేటీ, ఏడాది మొత్తంలో క్లాసులో ఎన్నిసార్లు సందేహం అడిగావు?”

“ఒక్కసారి కూడా అడగలేదు చాచా.”

“మరి సార్ నిన్ను ఎన్నిసార్లు అడిగారు?”

ఆమె కొంతసేపు ఆలోచించింది. “సార్‌కు నా పేరు తెలియదు చాచా” అంది.

ఆమె హాజరు 80 శాతానికి పైనే. అంటే ఏడాది పొడవునా ఆ గదిలో కూర్చుంది, నల్లబల్ల మీద ఉన్నదంతా నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది, ఇంటికి వచ్చింది. ఆ గదిలో ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఈ మౌనం గురించే నేను ఈ వ్యాసంలో మాట్లాడదలిచాను. మన పిల్లలకు గణితం రాకపోవడానికి తెలివి తక్కువ కావడమో, శ్రద్ధ లేకపోవడమో కారణమని చాలామంది తేల్చేస్తారు. నేను చూసినంతలో అసలు కారణం వేరు. తరగతిలో వారికి మాట్లాడే సందర్భం లేదు, తరగతి బయట కలిసి చదివే తోడు లేదు. ఈ రెండూ సరిచేయగలిగినవే.

గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాం

గణితం ఒక సబ్జెక్టు మాత్రమే కదా, ఇంత ఆందోళన ఎందుకని కొందరు అడగవచ్చు. ఇంటర్ ఎంపీసీలో ఏళ్ళ తరబడి మొత్తం 1000 మార్కుల్లో 300 గణితానివే. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితం. ఇంజనీరింగ్ వద్దనుకున్నా బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో లెక్కలు తప్పవు. లెక్కల తలుపు మూసుకుంటే దాని వెనుక ఉన్న పది తలుపులు మూసుకుంటాయి.

2006 నవంబరులో ప్రభుత్వానికి అందిన సచార్ కమిటీ నివేదికను మనం సభల్లో తరచుగా ప్రస్తావిస్తాం. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పీజీ విద్యార్థులు 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తెలిపింది. ఆ మరుసటి ఏడాది, 2007లో, ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అది పోరాడి సాధించుకున్న హక్కు. న్యాయస్థానాల్లో దానిని కాపాడుకుంటూ వస్తున్నాం. దాని వల్ల ఎన్నో కుటుంబాల్లో తొలి ఇంజనీరు, తొలి డాక్టరు తయారయ్యారు. కాని ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. రిజర్వేషన్ సీటు ఇవ్వగలదు గాని, ఇంటర్‌లో లెక్కలు తప్పిన పిల్లవాడిని సీటు దాకా తీసుకురాలేదు. సీటు వచ్చాక మొదటి సంవత్సరం గణితంలో తప్పి, ఆ బ్యాక్‌లాగ్‌ను నాలుగో ఏడు దాకా మోసి, చివరికి పట్టా లేకుండానే బయటికి వచ్చే పిల్లవాడికీ అది ఏమీ చేయలేదు.

మా ఊరినే చూడండి. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రహదారి మీద, నగరానికి దగ్గరలోనే ఉంది ఇబ్రహీంపట్నం. మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఎటు వెళ్ళినా ఇంజనీరింగ్ కళాశాలల భవనాలు కనిపిస్తాయి. ఉదయం ఎనిమిది గంటలకు రోడ్డు మీద నిలబడితే వాటి బస్సులు వరుసగా పోతుంటాయి. ఇన్ని కళాశాలల నడుమ పెరుగుతున్న మన మొహల్లా పిల్లలు చాలామంది ఇంటర్‌లో చేరేటప్పుడే, “లెక్కలు మాకొద్దు” అంటూ సీఈసీ వైపు వెళ్తున్నారు. ఇష్టంతో వెళ్తే మంచిదే. భయంతో వెళ్తున్నారు, అదే బాధ.

నా సంగతి

ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదో తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, 1977లో ఇంగ్లీషు మాధ్యమంలో ఎంపీసీలో చేరాను. ఉర్దూలో నాకు లెక్కలు బాగానే వచ్చేవి. కళాశాలలో మొదటి నెలలోనే ఒకనాడు ధైర్యం చేసి లేచి, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక సందేహం అడిగాను. అధ్యాపకుడు నా ఉచ్చారణను అనుకరించి చూపాడు. తరగతి నవ్వింది. ఆ అధ్యాపకుడు చెడ్డవాడని నేను అనను, ఆ రోజుల్లో అది మామూలే. కాని నేను మళ్ళీ లేవలేదు. రెండేళ్ళు చివరి బెంచీలో కూర్చుని, అత్తెసరు మార్కులతో గట్టెక్కి, బీఏలో చేరాను. ఉద్యోగం వచ్చింది, సంసారం నడిచింది, నాకు ఫిర్యాదు లేదు. అయినా ఆ ఒక్క నవ్వు లేకపోతే నా దారి ఎటు పోయేదో అని అరవై దాటాక కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నేను చూసినంతలో నేటి తరగతిలో అలాంటి ఎగతాళి తగ్గింది. కాని దాని స్థానంలో వచ్చింది ఆదరణ కాదు, నిర్లక్ష్యం. గదిలో 60 నుంచి 80 మంది, గంటలో పది లెక్కలు నల్లబల్ల మీద ఎక్కించాలి, సిలబస్ ముగించాలి. ముందు రెండు వరుసల పిల్లలు జవాబు చెబుతుంటే తరగతికి అర్థమైందని అధ్యాపకుడు అనుకుంటాడు. మిగిలిన యాభై మంది చూచిరాత రాస్తుంటారు.

బర్క్‌లీలో తేలిన నిజం

ఈ సమస్య మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది గణితంలో నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో తప్పుతుండేవారు. కారణమేమిటని అడిగితే అధ్యాపకులు దాదాపు ఒకే జవాబు చెప్పేవారు. వారికి పట్టుదల లేదు, పునాది బలహీనం, తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు, ఇంట్లో పేదరికం. మన గురించి అనే మాటలు ఇవే కదా! యూరి ట్రైస్‌మన్ అనే యువ పరిశోధకుడు ఈ జవాబును నమ్మేయకుండా, 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకొని, వారు రోజూ ఎలా చదువుతారో దగ్గరుండి గమనించాడు.

అనుకున్న కారణాలు ఒక్కటొక్కటిగా కూలిపోయాయి. నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు చదువు కోసం ఎంతో త్యాగం చేసినవారే. పిల్లలూ కష్టపడేవారే. తేడా ఒక్కచోట కనిపించింది. నల్లజాతి విద్యార్థులు ఒంటరిగా చదివేవారు. లెక్క రాకపోతే ఆ సంగతి గదిలోనే దాచుకునేవారు. సాయం కోరితే చులకన అవుతామని భయం. చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికివారు చదువుకొని, తర్వాత భోజనం దగ్గర కలిసి కూర్చుని, జవాబులు సరిచూసుకునేవారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే అది నిజంగా కఠినమైనదని వారికి అర్థమయ్యేది. ఒంటరిగా చదివేవాడికి అదే లెక్క తన తెలివితక్కువతనానికి రుజువుగా కనిపించేది.

ట్రైస్‌మన్ ఏం చేశాడో కూడా గమనించండి. వెనుకబడినవారికి ప్రత్యేక తరగతి అని పేరు పెట్టి, సులువైన లెక్కలు మళ్ళీ మళ్ళీ చేయించలేదు. అన్ని వర్గాల విద్యార్థులనూ చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, మామూలు కంటే కఠినమైన లెక్కలు ఇచ్చి, కలిసి సాధించమన్నాడు. ఆ బృందాల్లో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. జాలి చూపినప్పుడు కాదు, గౌరవంతో కఠినమైన పని అప్పగించినప్పుడు ఆ పిల్లలు లేచి నిలబడ్డారు.

తర్వాతి కాలంలో మరింత విస్తృతమైన ఆధారాలు వచ్చాయి. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక నివేదిక 2014లో వెలువడింది. అధ్యాపకుడు ఉపన్యసించి విద్యార్థులు వింటూ కూర్చునే తరగతుల్లో సుమారు 34 శాతం తప్పితే, విద్యార్థులు చర్చించి, సాధించి, పాల్గొనే తరగతుల్లో సుమారు 22 శాతం తప్పారు. గుమాస్తా లెక్కలో చెబుతాను. 60 మంది ఉన్న గదిలో తప్పేవారు 20 మంది నుంచి 13 మందికి తగ్గుతారు. పరాయి దేశపు తరగతులు మన తరగతులు ఒకటి కావు, నిజమే. అయినా ఏడుగురు పిల్లలు, ఏడు ఇళ్ళు. ప్రయత్నించి చూడడానికి అది చాలదా?

తరగతిలో చేయదగినవి

గణిత అధ్యాపకులకు పాఠం చెప్పేటంతటి వాణ్ణి కాను. అయితే చదివిన దానిలోంచి, మా ఊళ్ళో చేసి చూసిన దానిలోంచి కొన్ని విన్నపాలు చేస్తాను. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు.

మొదటిది, తరగతి ఒక ప్రశ్నతో మొదలుకావాలి. ఉదాహరణకు, 1000 రూపాయల చీర ధర 10 శాతం పెంచి, పెరిగిన ధరపై మళ్ళీ 10 శాతం తగ్గిస్తే పాత ధరే వస్తుందా? ప్రతి ఒక్కరూ తమ జవాబు కాగితం మీద రాయాలి. తర్వాత రెండు నిమిషాలు పక్కవారితో మాట్లాడి, అవసరమైతే మార్చుకోవచ్చు. మొదట “అదే వస్తుంది” అన్నవారు 1100 నుంచి 110 తీసేసి 990 చూసినప్పుడు ముఖాల్లో వెలుగు కనిపిస్తుంది. కళాశాల స్థాయిలో ఆ రోజు పాఠానికి తగిన ప్రశ్న అధ్యాపకుడే ఎంచుకుంటాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1990ల నుంచి ఈ పద్ధతినే పెద్ద పెద్ద తరగతుల్లో నడిపి చూపించారు. 80 మంది ఉన్న గదిలో ప్రతి విద్యార్థీ నోరు తెరిచే మార్గం ఇంతకంటే సులువైనది నాకు కనిపించలేదు.

రెండవది, పిలుపు అందరికీ సమానంగా అందాలి. చేయెత్తిన వారినే అడిగితే ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడతారు. తరగతిలోని పేర్లన్నీ చీటీల మీద రాసి డబ్బాలో వేసి, రోజుకు ఐదు చీటీలు తీస్తే చాలు. పేరు పిలిచినప్పుడు జవాబు తెలియకపోతే పక్కవారిని అడిగి చెప్పే వెసులుబాటు ఉండాలి. అప్పుడది పరీక్షలా ఉండదు, సంభాషణ అవుతుంది.

మూడవది, తప్పుకు మర్యాద ఇవ్వాలి. వారానికొకసారి, పేరు చెప్పకుండా, ఎక్కువమంది చేసిన ఒక తప్పును బల్ల మీద రాసి, “ఇలా అనుకోవడానికి కారణమేమిటి?” అని చర్చించాలి. తన తప్పు పదిమందీ చేసిన తప్పేనని తెలిసిన పిల్లవాడికి సిగ్గు పోతుంది.

నాలుగవది, చిన్న పరీక్షలు. అర్ధ సంవత్సర పరీక్ష దాకా ఆగితే రోగం ముదిరిపోతుంది. వారానికి పది నిమిషాల పరీక్ష పెట్టి, రెండు రోజుల్లో పేపర్లు తిరిగి ఇస్తే, ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఇద్దరికీ తెలుస్తుంది.

ఐదవది, బతుకులోని లెక్కలు తరగతిలోకి రావాలి. మా ఊరి పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మీదే ఊరు వెలసింది. వాన కురిసినప్పుడు చెరువులో నీటిమట్టం అడుగు పెరగడానికి లోతున ఎంత నీరు పడుతుంది, పైన ఎంత పడుతుంది? రెండూ ఒకటేనా? గిన్నెలా పైకి వెడల్పయ్యే చెరువులో పైకి వెళ్ళేకొద్దీ అడుగుకు పట్టే నీరు పెరుగుతుంది. ఇంటర్ పిల్లలు భయపడే కలన గణితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగేదే. కట్ట మీద నిలబడి ఆలోచించిన పిల్లవాడికి అవకలనం, సమాకలనం అనే మాటలు బండరాళ్ళలా కనిపించవు.

మా ఆదివారం కూటమిలో ఒకనాడు వారసత్వపు లెక్క ఇచ్చాం. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, ఇద్దరు కుమార్తెలు, తల్లి, తండ్రి ఉన్నారు. మిరాస్ నియమాల ప్రకారం భార్యకు 1/8, కుమార్తెలిద్దరికీ కలిపి 2/3, తల్లికి 1/6, తండ్రికి 1/6. అన్నీ కూడితే 27/24 వచ్చింది! ఉన్న ఆస్తి కంటే వాటాలే ఎక్కువ. అరగంటపాటు గది దద్దరిల్లింది. ఎప్పుడూ మాట్లాడని కుర్రవాడొకడు, “అందరి వాటా అదే నిష్పత్తిలో తగ్గిద్దాం, 24 బదులు 27 భాగాలు చేద్దాం” అన్నాడు. మన పూర్వ పండితులు ‘అవ్ల్’ అనే పేరుతో ఇచ్చిన పరిష్కారం సరిగ్గా అదే. భార్య వాటా ఎనిమిదో వంతు నుంచి 3/27, అంటే తొమ్మిదో వంతు అవుతుంది. ఆ మాట ఎక్కడా చదవకుండానే ఆ కుర్రవాడు దానిని కనుక్కున్నాడు. 9వ శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో గణనీయమైన భాగం ఇలాంటి వారసత్వపు లెక్కలే. ఆల్జీబ్రా అనే పేరు ఆ గ్రంథపు పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే పుట్టిందని మన వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవడం తప్పు కాదు. కాని మన అమ్మాయి తరగతిలో నోరు విప్పలేకపోతుంటే ఆ గర్వంతో ఆమెకు ఏం ఒరుగుతుంది?

భాష అడ్డుగోడ

మన పిల్లల మౌనానికి మరో కారణం భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో పది చదివి ఇంగ్లీషు మాధ్యమం కళాశాలలో చేరిన పిల్లలు, లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక ఆగిపోతారు. దీనికి విరుగుడు పెద్దదేమీ కాదు. ప్రతి అధ్యాయానికి ముందు పది పదాలు మూడు భాషల్లో గోడ మీద ఉంటే చాలు. త్రిభుజం, ముసల్లస్, ట్రయాంగిల్. నిష్పత్తి, నిస్బత్, రేషియో. సంభావ్యత, ఎహ్తెమాల్, ప్రాబబిలిటీ. సమీకరణాన్ని ఉర్దూలో ముసావాత్ అంటారు, సమానత్వానికీ అదే మాట. ఈ ఒక్క మాట చెప్పగానే మా పిల్లలకు త్రాసులోని రెండు తట్టలు కళ్ళముందు కనిపించాయి. ఇటువైపు ఏం తీస్తే అటువైపూ అదే తీయాలి.

సందేహం ఏ భాషలో వస్తే ఆ భాషలో అడిగే స్వేచ్ఛ ఉండాలి. ఉర్దూలో ఉన్నత గణితం సాగదనే వారికి మన నగర చరిత్రే జవాబు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల్లో ఉర్దూలోనే బోధించింది, అందుకోసం అనువాద విభాగం పుస్తకాలు సిద్ధం చేసింది. అక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జికి వెళ్ళి, ఆపై జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ వద్ద డాక్టరేటు పొంది, తిరిగి ఉస్మానియాలోనే గణిత ఆచార్యుడయ్యారు. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఇంగ్లీషు రావాలి. అది వచ్చేదాకా నోరు మూసుకోమనడం మాత్రం అన్యాయం.

మా ఆదివారం కూటమి

ఆ దర్జీ కుమార్తె వచ్చి వెళ్ళిన తర్వాత మేము నలుగురం పెద్దలం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక వ్యాపారి తన దుకాణం పైనున్న గది ఇచ్చాడు. ఒక నల్లబల్ల, నాలుగు చాపలు కొన్నాం. పదకొండు మంది పిల్లలతో మొదలైంది. ఆదివారం ఉదయం ఒకసారి, వారంలో రెండు సాయంత్రాలు. నలుగురేసి బృందంగా కూర్చుని, ముందు ఎవరికివారు, తర్వాత కలిసి సాధించాలి. దగ్గరి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు ఇద్దరు వచ్చి చూసుకుంటారు. వారిలో ఒకరు హిందూ అబ్బాయి. పిల్లల్లోనూ ముగ్గురు ఇతర మతాల వారే. ఈ కూటమిని మన పిల్లలకే పరిమితం చేయాలని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మన పిల్లలు రేపు తరగతిలోనూ కార్యాలయంలోనూ అందరితో కూర్చునే మాట్లాడాలి.

ఆడపిల్లల విషయంలో తల్లుల ఆందోళన న్యాయమైనదే. అందుకే వారికి ఆదివారం పగటిపూట వేరే సమయం పెట్టి, మా మొహల్లాలోనే బీఎస్సీ గణితం చదివిన ఒక కోడలిపిల్లకు బాధ్యత అప్పగించాం. పెళ్ళయ్యాక పుస్తకం ముట్టని ఆమెకూ ఇది కొత్త ఊపిరి. ఆడపిల్లలకు లెక్కలెందుకు అనే వారికి ఆమె మరియం మీర్జాఖానీ కథ చెబుతుంది. ఇరాన్‌లో పుట్టిన మీర్జాఖానీ 2014లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం పొందిన తొలి మహిళ. అంతటి ఆమె కూడా మాధ్యమిక పాఠశాలలో ఒక దశలో తనకు లెక్కలు సరిగా రాలేదని స్వయంగా చెప్పుకుంది.

ఫలితాలను పెంచి చెప్పను. ఏడాది తిరిగేసరికి పదకొండు మందిలో ఎనిమిది మంది గణితం పేపర్లన్నీ గట్టెక్కారు. ఇద్దరు మళ్ళీ రాయాలి. ఒక కుర్రవాడు మధ్యలోనే మానేసి మొబైల్ దుకాణంలో పనికి కుదిరాడు. ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, ఇల్లు గడవాలి. అతడి ముందు నా దగ్గర జవాబు లేకపోయింది. కూటమి అన్నిటికీ మందు కాదని ఆ ఇంటి గుమ్మంలో నాకు తెలిసివచ్చింది.

కళాశాలలనూ ప్రభుత్వాన్నీ అడగవలసినవి

అధ్యాపకుల కష్టం నాకు తెలియనిది కాదు. చాలాచోట్ల అతిథి అధ్యాపకులు, ఒప్పంద అధ్యాపకులు తక్కువ వేతనంతో, వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియకుండా పనిచేస్తున్నారు. పేర్లు గుర్తుపెట్టుకునే తీరిక వారికి లేకపోతే ఆ తప్పు వారొక్కరిది కాదు. చర్చలు పెడితే సిలబస్ పూర్తికాదని వారు అంటారు. దానికి నా మనవి ఒక్కటే. బల్ల మీద పూర్తయి, పిల్లల బుర్రలోకి ఎక్కని సిలబస్ ఎవరికి పూర్తయినట్టు?

ఫీజు రీయింబర్స్‌మెంటు హాజరుతో ముడిపడి ఉంది. పిల్లలు వచ్చారా అని అడిగే ప్రభుత్వం, నేర్చుకున్నారా అని కూడా అడగాలి. ప్రతి కళాశాల సబ్జెక్టులవారీగా ఎందరు రాశారు, ఎందరు గట్టెక్కారు అనే పట్టికను నోటీసు బోర్డు మీద పెట్టాలి. వారానికొక గంట తరగతిని సగానికి విడగొట్టి, లెక్కలు చేయించే ట్యుటోరియల్ నడపాలి. ఖాళీగా ఉన్న గణిత అధ్యాపకుల పోస్టులు భర్తీ చేయాలి.

మైనారిటీ గురుకులాల మీద నాకు ప్రత్యేకమైన ఆశ ఉంది. 2016లో 71 పాఠశాలలతో మొదలై, ఆపై 204కు పెరిగి, క్రమంగా జూనియర్ కళాశాలల స్థాయికి ఎదిగిన ఈ సంస్థల్లో పిల్లలు కలిసి ఉంటారు, కలిసి తింటారు. బర్క్‌లీలో చైనా సంతతి విద్యార్థులకు మేలు చేసిన ఆ వాతావరణం ఇక్కడ పుట్టుకతోనే ఉంది. వసతి చదువుల్లో సాధారణంగా స్టడీ అవర్ అంటే మౌనంగా కూర్చోవడమే. అందులో గణితానికి కేటాయించిన గంటనైనా మాట్లాడుకుంటూ చదివే గంటగా మార్చమని కోరుతున్నాను. ఇక రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చిన హక్కుతో నడుస్తున్న మైనారిటీ కళాశాలలు ఈ పద్ధతులకు ముందుగా దారి చూపాలి. హోదా సముదాయం పేరు మీద వచ్చింది కాబట్టి, సముదాయం పిల్లల పేర్లు ఆ తరగతి గదుల్లో తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

కళాశాలకు మనం రెండే పనుల మీద వెళ్తున్నాం. ఒకటి ఫీజు కట్టడానికి, రెండు సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి. ఈ ఏడాది మూడో పని మీద వెళ్ళండి. లెక్కల అధ్యాపకుడిని కలిసి, మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. మా అమ్మాయి క్లాసులో మాట్లాడుతుందా? చివరి చిన్న పరీక్షలో ఎక్కడ తప్పింది? ఆమె ఎవరితో కలిసి చదివితే బాగుంటుంది? మీకు చదువు రాకపోయినా ఈ ప్రశ్నలు అడగవచ్చు. ఇంటికి వచ్చాక, “ఎన్ని మార్కులు?” అనే ముందు, “ఇవాళ క్లాసులో ఏం అడిగావు?” అని పిల్లలను అడగండి.

మసీదు కమిటీల పెద్దలకు, షాదీఖానాల నిర్వాహకులకు కూడా ఒక విన్నపం. వారంలో చాలా రోజులు ఖాళీగా ఉండే హాలులో ఒక మూల, ఒక బల్ల, రెండు గంటల వెలుతురు ఇవ్వండి. బీటెక్ చదువుతున్న మన యువకులు వారానికి రెండు గంటలు ఇవ్వండి. ఇంతకంటే ఎక్కువ ఎవరినీ అడగడం లేదు.

ఆ దర్జీ కుమార్తె ఈ మార్చిలో మొదటి సంవత్సరం పేపరు మళ్ళీ రాసింది. 75కు 44. గొప్ప మార్కులేమీ కావు. సంబంధాల మాట ప్రస్తుతానికి ఆగింది, డిగ్రీలో గణితం తీసుకుంటానంటోంది. మొన్న కలిసినప్పుడు అడిగాను, “ఇప్పుడైనా సార్‌కు నీ పేరు తెలుసా బేటీ?” అని. “తెలుసు చాచా. రోజూ ఏదో ఒకటి అడుగుతానని విసుక్కుంటున్నారు కూడా” అంది నవ్వుతూ.

మీ ఊళ్ళో ఇలాంటి కూటమి నడుస్తుంటే, దాని మంచిచెడ్డలు ఈ పత్రికకు రాయండి. లేకపోతే వచ్చే ఆదివారం ఒక గది వెతకండి.